పన్నెండున్నర అంగుళాల ఎర్ర దారం

నవంబర్ పదిహేను. ఉదయం తొమ్మిదీ ఆరు.

ఉర్హో కాంటోలా బిర్చ్ చెట్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీకి ఎడమ పక్కన ఒకటే గాయం. గడ్డం మీద, కనుబొమల మీద మంచు పేరుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

డిటెక్టివ్ సార్జెంట్ ఎల్మా నిస్కలా అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గ్లవ్స్ తొడుక్కుంది. వెంటనే పని మొదలుపెట్టలేకపోయింది. పదేళ్ళ వయసులో ఆమె ఈ మనిషి పెరట్లోనే ఆపిల్ కాయలు దొంగిలిస్తూ పట్టుబడింది. అప్పుడాయన తిట్టలేదు. నిచ్చెన తెచ్చి ఇచ్చాడు.

"టైమ్ చెప్పు ట్రావిస్."

డెప్యూటీ ట్రావిస్ లజోయ్ నోట్‌బుక్ తిప్పాడు.

"911కి ఎనిమిదీ ముప్పై ఒకటికి కాల్ వచ్చింది మేడమ్. చేసింది వైనో రంటా. తనే కాల్చాడట."

"నువ్వడిగితే చెప్పాడా?"

"అడక్కముందే చెప్పాడు. జింక అనుకున్నాడట."

ఎల్మా తల ఊపింది. వేట మొదటి రోజు ఈ జిల్లాలో స్కూళ్ళకు సెలవు. సగం దుకాణాలు తెరవరు. తెల్లారేసరికి అడవి నిండా మనుషులు. అయినా ఉర్హో, వైనో లాంటి వాళ్ళకు ఇలా జరగడం ఆమె ఎన్నడూ వినలేదు. ఇద్దరూ ఒకే గనిలో ముప్పై ఏళ్ళు పని చేశారు. ఒకే క్యాంప్‌లో నలభై మూడేళ్ళు వేటాడారు.

ఉర్హో రైఫిల్ భుజానికి తగిలించే ఉంది. వాల్‌నట్ కట్టెది. తండ్రిది. మంచు లోపలికి పోకుండా గొట్టం మూతికి నల్ల టేపు అంటించి ఉంది. టేపు చిరగలేదు. అంటే అది పేలలేదు.

పక్కన ఒక ఫ్లాస్క్. రెండు స్టీలు కప్పులు.

"రెండెందుకు?" అంది ఎల్మా.

"ఒకటి మూతేమో మేడమ్."

మూత ఫ్లాస్క్‌కే ఉంది.

అతని ఒంటి మీద బూడిద రంగు ఉన్ని చొక్కా మాత్రమే ఉంది. వేటకు వెళ్ళేవాడు నారింజ రంగు వేసుకోవాలి. అది చట్టం. నారింజ కనపడితే అక్కడ మనిషి ఉన్నట్టు. ఆ వైపు ఎవరూ గురి పెట్టరు.

"కోటు ఏది?"

"అక్కడ, ఆయన వేట మాటులో ఉంది."

శవాన్ని స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఎత్తుతుంటే కింద ఎండుటాకులు గలగలమన్నాయి. ఎల్మా ఆ చప్పుడు విని ఒక్క క్షణం ఆగింది. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.

మాటు అక్కడికి నూట ముప్పై గజాల దూరంలో ఉంది. నాలుగు చెక్కలు, పైకప్పు, ముందు కిటికీ. లోపల కుర్చీ. కుర్చీ వీపుకు నారింజ కోటు తొడిగి ఉంది. గుండీలు మెడ దాకా పెట్టి ఉన్నాయి. పైన ఒక కర్ర గుచ్చి, కర్రకు నారింజ టోపీ తగిలించి ఉంది.

"నడిచి ఒళ్ళు వేడెక్కితే కోటు విప్పుతాం కదా మేడమ్," అన్నాడు ట్రావిస్.

"విప్పుతాం," అంది ఎల్మా.

*

క్యాంప్‌లో పొయ్యి మండుతోంది. వైనో రంటా బెంచీ మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళు. ఆరడుగుల మూడంగుళాలు. పెద్ద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గని దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు కూత పెడుతున్నాయి.

"వైనో, మొదటి నుంచి చెప్పు."

"చెప్పడానికేం లేదమ్మాయ్. ఏడూ యాభై రెండుకి ఒక జింక కనపడింది. కాల్చాను. తప్పింది. ఎనిమిదింటికి మంచు కురవడం మొదలైంది. వాచీ చూశాను. ఆ మంచులో ఏదీ సరిగ్గా కనపడలేదు. చెట్ల మధ్య బూడిద రంగుగా ఏదో కదిలింది. మళ్ళీ కాల్చాను. ఎనిమిదీ తొమ్మిది. అది ఉర్హో."

"రెండు సార్లూ నీ రైఫిల్‌తోనేనా?"

"మరి ఎవరి రైఫిల్‌తో కాలుస్తాను?"

పక్క క్యాంప్‌లో కాలు బాగాలేని వంటాయన ఉన్నాడు. మొదటి రోజు దగ్గర్లో వినపడ్డ ప్రతి కాల్పూ టైముతో సహా గోడ క్యాలెండర్ మీద రాసుకోవడం ఆయన అలవాటు. ఆ క్యాలెండర్ మీదా ఇవే టైములు ఉన్నాయి. ఏడూ యాభై రెండు. ఎనిమిదీ తొమ్మిది. వైనో మాట సరిపోయింది.

ఎల్మా గోడకున్న రైఫిల్ స్టాండ్ వైపు చూసింది. వైనో రైఫిల్ ఉంది. మూతి మీద టేపు చిరిగి ఉంది. దాని పక్కన ఇంకోటి. కొత్తది. భుజానికి ఆనించే మడమ నల్లటి ప్లాస్టిక్‌ది. దాని టేపూ చిరిగి ఉంది.

"ఇదెవరిది?"

"ఉర్హోది. మొన్న కొన్నాడు."

"ఉర్హో ప్లాస్టిక్ మడమ తుపాకీ కొన్నాడా?"

"ముసలాడికి చాదస్తం."

"ప్లాస్టిక్ తుపాకీ పట్టుకుని వేటకెళ్ళేవాడు రబ్బరు పళ్ళతో మాంసం తింటాడని, చర్చి భోజనాల్లో అందరి ముందూ అన్న మనిషి ఆయన, వైనో."

వైనో నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నిన్న సాయంత్రం గురి సరిచూసుకున్నాడు. అప్పుడు చిరిగింది టేపు," అన్నాడు. "నా మీద కేసు రాసెయ్, అమ్మాయ్. లాయరొద్దు. పద్దెనిమిదిన జడ్జి ముందు ఒప్పుకుంటాను. ఐలీకి మాత్రం నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

*

పదీ యాభై. ఐలీ కాంటోలా వంటింట్లో యాలకుల రొట్టె వాసన.

ఐలీకి అరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి. అల్లిన ఎర్ర టోపీ కనుబొమల మీదికి లాక్కుని ఉంది. బల్ల మీద మూడు కప్పులు బోర్లించి ఉన్నాయి. కుర్చీలో ఎర్ర ఊలు ఉండ, సూదులు.

ఎల్మా చెప్పింది. ఇలాంటి వార్త ఎలా చెప్పాలో ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమెకు తెలియలేదు. అందుకే రెండు వాక్యాల్లో చెప్పేసింది.

ఐలీ స్టవ్ ఆపింది. గుడ్డతో చేతులు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఎవరు?"

"వైనో. చెట్ల మధ్య కనపడక..."

"వైనోనా?"

"ఎనిమిదీ తొమ్మిదికి."

ఐలీ బల్ల మీద నుంచి ఒక కప్పు తీసింది. అంచు కొద్దిగా పగిలిన నీలం కప్పు. అది వైనోది. బీరువాలో, వెనక వరసలో పెట్టి తలుపు వేసింది.

"ఉర్హో ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరాడు?" అంది ఎల్మా.

"నాలుగున్నరకి."

"ఏమైనా తేడాగా ఉన్నాడా?"

"లేదు. సంతోషంగా ఉన్నాడు."

ఎల్మా ఇంకేమీ అడగలేదు. వేట క్యాంప్‌కు ఆడవాళ్ళు పోరు. ఎల్మా అమ్మ పోలేదు, అమ్మమ్మా పోలేదు. భోజనం కట్టి ఇస్తారు, అంతే. ఐలీని ఇంకేం అడగాలి?

ఆ తర్వాత రెండు రోజులూ ఎల్మా తనను తాను తిట్టుకున్నది ఇందుకే.

*

నవంబర్ పదహారు. మధ్యాహ్నం ఒకటీ పదిహేను.

ఆసుపత్రి నుంచి ఉర్హో జేబుల్లోని వస్తువులు వచ్చాయి. చాకు. లైసెన్సు. పిప్పరమెంటు బిళ్ళలు. చొక్కా జేబులో, గుండె మీద, మడిచిన కాగితంలో ఒక ఎర్ర ఊలు దారం ముక్క. రెండు చివరలా ముడులు.

ఎల్మా స్కేలు పెట్టి కొలిచింది. ముడి నుంచి ముడికి పన్నెండున్నర అంగుళాలు.

తూటా ఛాతీలోంచి దూసుకుపోయి చెట్టులో నలిగిపోయింది. ల్యాబ్ రిపోర్ట్‌కు మూడు వారాలు పడుతుంది. ఆ క్యాంప్‌లో మూడు రైఫిళ్ళకూ ఒకే సైజు తూటాలు. ఇక మిగిలింది ఈ దారం.

ఆమె కొత్త రైఫిల్ తీసుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళింది. తుపాకుల కౌంటర్ దగ్గర వెర్నా ఉంది. ఆ కౌంటర్‌లో ఆమెకు పదిహేడేళ్ళ అనుభవం.

"గుర్తుందా వెర్నా?"

"గుర్తుండకపోవడమేంటి? అక్టోబర్ ముప్పై. నాలుగూ ఇరవైకి వచ్చాడు. షాపులో ఎవరూ లేకుండా పోయేదాకా మేకుల దగ్గర నిలబడ్డాడు. అరగంట. చివరికి నేనే అడిగాను, 'ఏంటి ఉర్హో, మేకులు లెక్కపెడుతున్నావా?' అని."

"ఏం అడిగాడు?"

"ప్లాస్టిక్ మడమ రైఫిల్ చూపించమన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. 'తేలికది కావాలి. వానలో కట్టె ఉబ్బుతుంది, గురి మారుతుంది. కొత్తవాళ్ళకు ఆ బాధ ఉండకూడదు,' అన్నాడు. కొత్తవాళ్ళకు అన్నాడు ఎల్మా. తర్వాత జేబులోంచి ఒక దారం తీశాడు."

ఎల్మా దారం బల్ల మీద పెట్టింది.

"ఇదే. మడమ చివర నుంచి ట్రిగ్గర్ దాకా ఈ కొలత రావాలన్నాడు. కట్టె మడమైతే రంపంతో కోయాలి. కోస్తే మళ్ళీ అతకదు. దీనికైతే చివర పొడవు సరిచేసే బిళ్ళలుంటాయి. రెండు స్క్రూలు తిప్పితే వచ్చేస్తాయి. మూడు బిళ్ళలూ తీస్తే సరిగ్గా దారానికి సరిపోయింది. అప్పుడు నవ్వాడు."

ట్రావిస్ కల్పించుకున్నాడు. "చలికి మందం కోటు వేసుకుంటాం కదా మేడమ్. మా నాన్న కూడా బిళ్ళ తీసేస్తాడు."

"ఒకటి తీస్తాడు. మూడూ తీస్తాడా? నువ్వు పట్టుకో."

ట్రావిస్ ఖాళీ రైఫిల్ భుజానికి పెట్టాడు. బొటనవేలు ముక్కుకు తగిలింది. గురి చూసే స్కోప్ అంచు కనుబొమను తాకుతోంది.

"ఇలా పట్టుకుని కాలిస్తే నా నుదురు పగులుతుంది," అన్నాడు.

"వెర్నా, ఇది కాలిస్తే గట్టిగా వెనక్కి తంతుందా?"

"తేలిక తుపాకీ ఎక్కువ తంతుంది. కొత్తవాళ్ళు వదులుగా పట్టుకుంటారు. స్కోప్ వెనక్కొచ్చి కనుబొమ మీద కొడుతుంది. నెలవంకలా తెగుతుంది. ప్రతి ఏడాదీ నవంబర్లో నలుగురైదుగురు ఆ ముద్రతో ఈ కౌంటర్ దగ్గరకొస్తారు. అడిగితే తలుపు తగిలిందంటారు."

"కొలత ఎవరిదో అడిగావా?"

"అడిగాను. 'చెయ్యి పొట్టి మనిషిది' అన్నాడు. మనవడేమో అనుకున్నాను."

"వాళ్ళకు పిల్లలే లేరు వెర్నా."

వెర్నా దారం వైపు మళ్ళీ చూసింది.

ఎల్మా దారాన్ని తన మోచేతి మడత నుంచి చూపుడు వేలి దాకా పరిచి చూసుకుంది. ఒకటిన్నర అంగుళాలు చాలలేదు. ఆమె కళ్ళ ముందు ఎర్ర టోపీ మెదిలింది. ఇంట్లో, పొయ్యి పక్కన, కనుబొమల మీదికి లాక్కున్న టోపీ.

ఆ రాత్రి ఆమె వైనో స్టేట్‌మెంట్ మళ్ళీ చదివింది. ఏం చెయ్యాలో తెలుసు. చెయ్యాలని లేదు. నోరు మూసుకుంటే డెబ్బై ఏళ్ళ మనిషి, సగం ఊపిరితిత్తులతో, చెయ్యని పనికి జైలుకు పోతాడు. నోరు తెరిస్తే ఐలీ కాంటోలా బతికినన్నాళ్ళూ దాన్ని మోస్తుంది.

*

నవంబర్ పదిహేడు. మధ్యాహ్నం మూడు.

కారులో వైనో అన్నాడు, "ఆమె నా మొహం చూడదమ్మాయ్. ఎందుకు తీసుకెళ్తున్నావు?"

"చూడక్కర్లేదు. కూర్చో చాలు."

"ఎల్మా. వద్దు."

మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. ఆమెకు అప్పుడు పూర్తిగా రుజువైంది.

ఐలీ తలుపు తీసింది. వైనోను చూసి తల తిప్పుకుంది. బల్ల మీద రెండు కప్పులు పెట్టింది. ఒకటి ఎల్మాకు. ఒకటి తనకు. ఆ ఊళ్ళో ఇంటికి వచ్చిన మనిషికి కాఫీ పొయ్యకపోవడం కంటే పెద్ద తిట్టు లేదు. వైనో గోడ వారగా నిలబడ్డాడు, టోపీ చేతిలో నలుపుతూ. ట్రావిస్ గుమ్మం దగ్గరే ఉండిపోయాడు.

"ఐలీ, నీకు రెండు రోజుల కిందటే ఒక ప్రశ్న వెయ్యాల్సింది. వెయ్యలేదు. ఇప్పుడు వేస్తున్నాను."

"వద్దు," అన్నాడు వైనో. "నేను ఒప్పుకున్నానుగా! సంతకం పెట్టానుగా! ఇంకేం కావాలి నీకు?"

"పదిహేనో తారీకు, ఏడూ యాభై రెండుకి నువ్వెక్కడున్నావు?"

ఐలీ కాఫీ పాత్ర కింద పెట్టింది.

"గుట్ట మీద మంచె మీద," అంది. "ఉర్హో కట్టిన మంచె. లైసెన్సు నా పర్సులో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు."

వైనో గోడకు చేరగిలబడ్డాడు.

"టోపీ తీస్తావా?"

ఐలీ టోపీ తీసింది. కుడి కనుబొమ మీద నెలవంక. ఎండిపోయిన రక్తం.

"చెప్పు."

"చెప్పడానికేముంది. నలభై మూడేళ్ళు నవంబర్ పదిహేనున పొద్దున్నే మాంసం కూరిన పేస్టీలు కట్టి ఇచ్చాను. ఈ వేసవిలో అన్నాను, 'అక్కడ ఏం చూస్తారు మీరిద్దరూ? ఒక్కసారి నాకూ చూపించు' అని. ఉర్హో ఏమీ అనలేదు. ఉర్హో ఎప్పుడేమన్నాడు గనక. అక్టోబర్లో నేను పిండి పిసుకుతుంటే వెనక నుంచి వచ్చాడు. నా ఊలు దారం నా చేతి మీద పరిచాడు. ఏంటిది అంటే, 'ఏం లేదు, నీ పని చూసుకో' అన్నాడు. రెండు వారాల తర్వాత తుపాకీ తెచ్చాడు. ప్లాస్టిక్‌ది. నేను నవ్వాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి."

"ఆ రోజు?"

"నాలుగున్నరకి ఆయన ట్రక్కులో బయల్దేరాడు. నేను నా కారులో వెనకాలే వెళ్ళాను. మంచె ఎక్కించాడు. పక్కనే కూర్చుంటానన్నాడు. నేను వద్దన్నాను." ఆమె టోపీని బల్ల మీద పెట్టింది. "'నువ్వు చూస్తుంటే నా చెయ్యి వణుకుతుంది. పోయి నీ మాటులో కూర్చో. నీ నారింజ కోటు నాకు ఇక్కడికి కనపడుతుండాలి' అన్నాను. 'అలాగే' అన్నాడు."

"కనపడిందా?"

"తెల్లారినప్పటి నుంచి. కుదురుగా కూర్చున్నాడు. ఒక పక్క వైనో నారింజ. ఒక పక్క ఉర్హో నారింజ. దక్షిణం వైపు ఎవరూ లేరు. జింక ఆ వైపే వచ్చింది. నేను రెండు సార్లు చూశాను. ఉర్హో వైపు, వైనో వైపు. నేర్పినట్టే చూశాను. అప్పుడు కాల్చాను. తప్పింది. అది పారిపోయింది. కంట్లోకి రక్తం కారింది. వైనో పరిగెత్తుకొచ్చాడు. తుపాకీ తీసుకున్నాడు. 'ఇంటికెళ్ళి కట్టు కట్టుకో, ఉర్హో పదింటి దాకా మాటులోంచి లేవడు, వాడి వేట పాడు చెయ్యకు' అన్నాడు. కారు దగ్గరకు పోతూ మాటు వైపు చూసి చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు. ఉర్హో ఎప్పుడూ తిరిగి ఊపడు. అందుకని ఏమీ అనుకోలేదు. కారెక్కుతుంటే మంచు కురుస్తోంది. ఇంకో కాల్పు వినపడింది. అది..."

ఆమె వైనో వైపు చూడలేదు. వేలు మాత్రం చూపించింది.

ఎల్మా మాట్లాడింది. నెమ్మదిగా, ఒక్కొక్కటే.

"వైనో స్టేట్‌మెంట్‌లో ఉంది. మంచు ఎనిమిదింటికి మొదలైంది. మంచులో కనపడక ఎనిమిదీ తొమ్మిదికి కాల్చానన్నాడు. ఉర్హోను మేం ఎత్తినప్పుడు ఒంటి మీద మంచు ఉంది, ఒంటి కింద లేదు. ఆకులు పొడిగా గలగలమన్నాయి. ఉర్హో మంచు మొదలుకాక ముందే పడిపోయాడు."

ఐలీ తన కప్పును పక్కకు జరిపింది.

"కాల్పులు రెండు. టేపులు చిరిగిన రైఫిళ్ళూ రెండు. మీ క్యాంప్‌లో ప్రతి సాయంత్రం తుడిచి కొత్త టేపు అంటించకుండా ఎవరూ పడుకోరు. కొత్త రైఫిల్ టేపు ఆ ఉదయమే చిరిగింది. ఎనిమిదీ తొమ్మిదికి వైనో నేలలోకి కాల్చాడు. తన టేపు చిరగాలని. తన గొట్టంలో మసి ఉండాలని."

"ఎల్మా, దేవుడి మీద ఆన," అన్నాడు వైనో. "ఆపు."

"మొదటి రోజే నేను చూసీ వదిలేసింది కోటు. ఒళ్ళు వేడెక్కినవాడు కోటు విప్పి విసిరేస్తాడు. కుర్చీకి తొడిగి మెడ దాకా గుండీలు పెట్టడు. కర్రకు టోపీ పెట్టడు. ఉర్హో నీ మాట నిలబెట్టాడు ఐలీ. నీకు నారింజ కనపడాలన్నావు. కనపడేలా పెట్టాడు. పెట్టి, చెట్ల చాటున దక్షిణం వైపుకు పాక్కుంటూ వచ్చాడు. రైఫిల్ భుజానే ఉంది. వేటాడ్డానికి రాలేదు. ఫ్లాస్క్ తెచ్చాడు. రెండు కప్పులు తెచ్చాడు."

పొయ్యిలో కట్టె విరిగిన చప్పుడు.

ఐలీ తన కుడి చేతిని చూసుకుంది. తర్వాత దాన్ని ఎడమ చేత్తో కప్పింది.

"వైనో," అంది. మూడు రోజుల్లో అతనితో అన్న మొదటి మాట. "నిజమేనా?"

వైనో కింద కూర్చుండిపోయాడు. అంత పెద్ద మనిషి గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"నేను చూశాను ఐలీ. వాడు కోటు విప్పడం చూశాను. వంగి వంగి పోవడం చూశాను. చూసి నవ్వుకున్నాను. వెర్రి ముసలాడు, పెళ్ళాం వేట చూడటానికి దొంగలా పోతున్నాడని. ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఒక్క కేక. మొదటి రోజు పొద్దున్న ఎవరైనా కేకేస్తారా? నీ జింక బెదిరిపోతుందని నోరు మూసుకున్నాను. అందుకే నేనే కాల్చానన్నాను. నాకది అబద్ధం అనిపించలేదు."

ట్రావిస్ కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ప్రమాదం అని రాస్తాను ఐలీ," అంది ఎల్మా. "ప్రాసిక్యూటర్‌తో నేనే మాట్లాడతాను. అబద్ధం చెప్పినందుకు వైనో మీద ఏదో ఒక కేసు ఉంటుంది. జైలు ఉండకపోవచ్చు."

ఐలీకి అది వినపడినట్టు లేదు.

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"నీ మంచె నుంచి తొంభై గజాలు. జింక వచ్చిన దారి వెనక."

"మొహం ఎటు ఉంది?"

ఎల్మా నోట్‌బుక్ మూసింది.

"నీ వైపే."

"అయితే చూశాడు. నేను తుపాకీ ఎత్తడం చూశాడు."

"చూశాడు."

"సరిగ్గా పట్టుకున్నానో లేదో." ఐలీ బల్ల అంచు పట్టుకుంది. "వదులుగా పట్టుకుంటావు, వదులుగా పట్టుకుంటావు అని రోజూ అనేవాడు. అప్పుడు కూడా అదే అనుకుని ఉంటాడు."

ఆమె ఏడ్చింది. చప్పుడు లేకుండా, నిలబడే, రెండు చేతులూ బల్ల మీద ఆనించి. ఎల్మా ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఐలీ ఆ చెయ్యి తీసేయమనలేదు, దగ్గరికీ రాలేదు. కిటికీ బయట మళ్ళీ మంచు మొదలైంది. పెరట్లో ఆపిల్ చెట్టు తెల్లబడుతోంది.

చాలాసేపటికి ఐలీ గుడ్డతో మొహం తుడుచుకుంది. బీరువా దగ్గరకు వెళ్ళింది. వెనక వరసలోకి చెయ్యి పెట్టి వెతికింది. అంచు పగిలిన నీలం కప్పు తీసింది. దుమ్ము లేకపోయినా కడిగింది. కాఫీ పోసింది. చక్కెర బిళ్ళలు మూడు వేసింది, ఎన్ని కావాలని అడక్కుండా.

వంగి, నేల మీద కూర్చున్న మనిషి చేతికి ఇచ్చింది.

వైనో రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేకపోయాడు.

"చల్లారిపోతుంది," అంది ఐలీ. "తాగు."